నాలుగు గ్లూ, నాలుగు లైస్: అనంతపురం నుంచి ఒక హెలిక్స్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

లక్ష్యం ముందే చెప్పేస్తా. 24 అమైనో ఆమ్లాల పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ గొలుసు ఒకటి, అందులో సగం గ్లూటమేట్ అంటే మైనస్ చార్జి, సగం లైసిన్ అంటే ప్లస్ చార్జి, కొలత కోసం తోకలో పెట్టే గ్లైసిన్, టైరోసిన్ తప్ప ఇంకేమీ ఉండకూడదు, అది మామూలు నీళ్ళలో పక్కన ఇంకో హెలిక్స్ తోడు లేకుండా ఒంటరిగా ఆల్ఫా హెలిక్స్‌గా, అంటే స్ప్రింగులా చుట్టుకుని నిలబడాలి. ఇక్కణ్ణించి గ్లూటమేట్‌ని గ్లూ అని, లైసిన్‌ని లైస్ అని, ఆర్జినిన్‌ని ఆర్జ్ అని రాస్తా, లేదంటే డైరీ సగం పేర్లతోనే నిండిపోతుంది.

ఇందులో వింత ఏముంది అంటే, ప్రోటీన్ ఎందుకు మడత పడి నిలబడుతుందని మా కోచింగ్ సెంటర్లో ఏ నీట్ పిల్లోణ్ణి అడిగినా నీళ్ళంటే పడని అమైనో ఆమ్లాలు లోపలికి దాక్కుంటాయి కాబట్టి అంటాడు. కరెక్టే, ఆ జవాబు చెప్పించేది నేనే. మరి లోపల అనేదే లేని ఒంటి హెలిక్స్ దేన్ని పట్టుకుని నిలబడాలి? హెలిక్స్ వెన్నులో, అంటే అమైనో ఆమ్లాలని కలిపే గొలుసులో, హైడ్రోజన్ బాండ్లు ఉంటాయి నిజమే, కానీ చుట్టూ ఉన్న నీళ్ళు కూడా అవే బాండ్లు ఇస్తాయి, అందుకే చిన్న పెప్టైడ్‌ని నీళ్ళలో వేస్తే చాలావరకు ఏ షేపూ లేకుండా కదులుతా ఉంటుంది.

కానీ ప్రకృతిలో ఈ పని ఎప్పుడో జరిగిపోయింది. మయోసిన్ 6, మయోసిన్ 10 అనే మోటార్ ప్రోటీన్లలో, నునుపు కండరంలో ఉండే కాల్డెస్మాన్‌లో పొడుగాటి ఒంటి హెలిక్సులు ఉన్నాయి. సీక్వెన్స్ తెరిచి చూస్తే గ్లూలు ఒక గుంపు, వెంటనే లైసులు ఆర్జులు కలిసి ఒక గుంపు, మళ్ళీ గ్లూలు, అట్లే పోతా ఉంటుంది. నీళ్ళంటే పడని అమైనో ఆమ్లాలు చాలా తక్కువ. అంటే అక్కడ పని చేస్తున్నది చార్జీలు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే చార్జీల వరస. ఈ రెండో మాట నిజమా కాదా అని నా చేత్తో నేను చూసుకోవాలి, ప్రాజెక్టు మొత్తం అంతే.

ఫిబ్రవరి, పైపు

కంప్యూటర్ ముట్టుకునే ముందు ఒక మోడల్ చేద్దామని టవర్ క్లాక్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క అడిగా. షాపాయన "బోరుకా, బాత్రూంకా?" అన్నాడు. ప్రోటీన్‌కి అన్నా. "ప్రోటీన్ పౌడరు ఈడ అమ్మంప్పా, ఎదురుగుండాది చూడు జిమ్ము" అన్నాడు.

స్కేలు ఒక ఆంగ్‌స్ట్రామ్‌కి, అంటే నానోమీటర్లో పదో వంతుకి, ఒక సెంటీమీటర్. పాలింగ్, కోరీ, బ్రాన్సన్ 1951లో ఇచ్చిన కొలతలే ఇప్పటికీ: చుట్టుకి 3.6 అమైనో ఆమ్లాలు, ఒక్కోటి 1.5 ఆంగ్‌స్ట్రాములు పైకి, 100 డిగ్రీలు చుట్టూ. పైపు బయటి వ్యాసం 110 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 345 చిల్లర, దాంట్లో 100 డిగ్రీలంటే 96 మిల్లీమీటర్లు. సైడ్ చైన్లతో, అంటే ఒక్కో అమైనో ఆమ్లం నుంచి బయటికి వచ్చే చేతులతో కలిపితే హెలిక్స్ మందం పది ఆంగ్‌స్ట్రాముల దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి నాలుగంగుళాల పైపు భలే కుదిరింది. టైలర్ టేపుతో 96 కుడికి, 15 పైకి, మార్కరు చుక్క, మళ్ళీ 96 కుడికి, 15 పైకి, చుక్క. కుడిచేతి హెలిక్స్ కాబట్టి కుడికే పోవాలి. చుక్క మీద కూల్‌డ్రింక్ మూతలు అంటించా, గ్లూకి ఎరుపు, లైస్‌కి నీలం.

అంటించాక గంటసేపు దాన్ని తిప్పుతానే కూర్చున్నా, ఎందుకంటే స్క్రీన్ మీద ఎన్నిసార్లు చూసినా తట్టని ఒక సంగతి ఇక్కడ టేపు పెట్టి కొలిస్తే వచ్చింది. ఒక మూత నుంచి నాలుగో మూత, అంటే ఐ నుంచి ఐ+4, 400 డిగ్రీలు తిరిగి 40 డిగ్రీలు కుడికి వస్తుంది, పైపు మీద 38 మిల్లీమీటర్లు పక్కకి, 60 పైకి, ఐమూలగా 71. ఐ నుంచి ఐ+3 అయితే 60 డిగ్రీలు ఎడమకి, 58 పక్కకి, 45 పైకి, ఐమూలగా 73. ఇంచుమించు సమానం! వెన్ను పరమాణువుల మధ్య కొలిస్తే ఇంకా విచిత్రం, ఐ+3 దాదాపు 5 ఆంగ్‌స్ట్రాములు, ఐ+4 దాదాపు 6.2, అంటే ఐ+3 యే దగ్గర. మరి 1987లో మార్కూసీ, బాల్డ్విన్ అలనిన్ ఎక్కువున్న చిన్న పెప్టైడ్లలో గ్లూ, లైస్ జతలు పెట్టి చూస్తే ఐ+4 దూరంలో పెట్టినవే ఐ+3 కంటే బాగా హెలిక్స్ అయ్యాయి, అందులోనూ గ్లూ ముందు, లైస్ వెనక ఉన్న వరస తిరగేసిన దానికంటే బాగుంది. దూరం ఒక్కటే లెక్కయితే ఇట్లా రాకూడదు.

జవాబు మూతల్లో లేదు, మూతకి అంటించిన పుల్లల్లో ఉంది. హెలిక్స్ మీద సైడ్ చైన్లు నేరుగా బయటికి పొడుచుకోవు, మొదటి కొస అంటే ఎన్-టెర్మినస్ వైపు వాలి ఉంటాయి, రోడ్ల పక్కన నిటారుగా పెంచే అశోకచెట్టు ఆకులు నేలవైపు వాలినట్టు. దానికి తోడు గ్లూ చెయ్యి పొట్టిది, లైస్ చెయ్యి పొడుగు. కొబ్బరి పుల్లలు ఆ లెక్కన కోసి, కిందికి వాల్చి అంటిస్తే, పై మెట్టులో ఉన్న లైస్ పొడుగు చెయ్యి కిందికి జారి నాలుగు కింద ఉన్న గ్లూ కొసని పట్టుకుంటుంది. అదే లైస్‌ని కింద పెట్టి గ్లూని పైన పెడితే, లైస్ చెయ్యి ఇంకా కిందికి పోతుంది, పైనున్న పొట్టి గ్లూ అందుకోలేదు, చెయ్యి వంకర తిప్పి పైకెత్తాలి, అట్లా తిప్పడానికి ఖర్చు ఉంది. పుల్లల మోడల్‌తో అంతా తేలిపోయిందని అనను, నిజమైన సైడ్ చైన్‌కి తిరిగే కోణాలు చాలా ఉంటాయి. కానీ వరస ఎందుకు ముఖ్యమో మాత్రం కళ్ళకి కట్టింది.

మార్చి, సీక్వెన్సులు

మూడు పెప్టైడ్లు ఖాయం చేశా, మూడింట్లోనూ 12 గ్లూ, 12 లైస్, నికర చార్జి సున్నా, ఒక్క వరస తప్ప తేడా లేదు. ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే ఒక్కో అమైనో ఆమ్లానికి హెలిక్స్ మీద దాని సొంత ఇష్టం ఒకటి ఉంటుంది, అలనిన్‌కి ఎక్కువ, గ్లైసిన్‌కి తక్కువ, అట్లా. ముడిసరుకు మారిస్తే తేడా చార్జీ వల్ల వచ్చిందా ఆ ఇష్టం వల్ల వచ్చిందా చెప్పలేం.

మొదటిది నాలుగు-నాలుగు: గ్లూ గ్లూ గ్లూ గ్లూ లైస్ లైస్ లైస్ లైస్, ఇదే మూడుసార్లు. రెండోది దాన్ని తిరగేసినది, పేరు తిరగలి: నాలుగు లైసులు ముందు, నాలుగు గ్లూలు వెనక, మూడుసార్లు. మూడోది రెండు-రెండు: గ్లూ గ్లూ లైస్ లైస్, ఆరుసార్లు.

కాగితం మీద ఐ+4 జతలు లెక్కపెట్టండి, సరదాగా ఉంటుంది. 24 పొడుగులో అట్లాంటి జతలు మొత్తం 20. నాలుగు-నాలుగులో 20కి 20 వ్యతిరేక చార్జీలే, అందులో గ్లూ ముందున్నవి 12, లైస్ ముందున్నవి 8. తిరగలిలో కూడా 20కి 20 వ్యతిరేకమే, కానీ గ్లూ ముందున్నవి 8, లైస్ ముందున్నవి 12. ఇక రెండు-రెండులో వరస నాలుగుకోసారి తిరిగొస్తుంది కాబట్టి ఐ+4 దగ్గర ఎప్పుడూ అదే చార్జి, 20కి 20 తోసుకునేవే. ఒకే సరుకు, ఒకే మొత్తం చార్జి, ఒకటి పట్టుకుంటుంది, ఒకటి తన్నుకుంటుంది. కాలెన్‌బాక్ గ్రూపు 1989లో ఈ నాలుగు-నాలుగు, రెండు-రెండు వరసలు చేసి చూశారు, మొదటిది బాగా హెలిక్స్, రెండోదాంట్లో చాలా తక్కువ. నేను కొత్తగా కనిపెట్టేదేం లేదు, తిరగలిని కూడా పక్కన పెట్టి మూడూ ఒకే రోజు ఒకే మిషన్ మీద చూడాలని మాత్రం ఉంది.

కొసల సంగతి. ఉత్తి పెప్టైడ్‌కి మొదటి కొసలో ప్లస్, చివరి కొసలో మైనస్ ఉంటుంది, రెండూ హెలిక్స్‌కి పడవు. అందుకని ముందు అసిటైల్, వెనక అమైడ్ పెట్టించి చార్జి తీసేయడం మామూలు. తోకలో గ్లైసిన్ ఒకటి అడ్డంపెట్టి తర్వాత టైరోసిన్, ఎందుకంటే టైరోసిన్ 280 నానోమీటర్ల దగ్గర వెలుగు పీల్చుకుంటుంది, దాంతోనే గాఢత తెలుస్తుంది. నేరుగా హెలిక్స్‌కి తగిలిస్తే సిగ్నల్‌లో వేలు పెడుతుంది, అందుకే ఆ గ్లైసిన్.

బెంగళూరులో ఒక ల్యాబ్‌లో పని చేసే మా సీనియర్ అక్కకి ఇదంతా ఫోన్లో చెప్తే అక్క మొదట అడిగింది, "తిరగలి వీక్ అయితే దానికి కారణం ఏమని చెప్తావ్ రా?" హెలిక్స్ డైపోల్ అక్కా అన్నా, అదే కదా అందరం చదివింది, హెలిక్స్ మొదటి కొస కొంచెం ప్లస్, చివరి కొస కొంచెం మైనస్, అందుకే ముందు గ్లూ, వెనక లైస్ ఉంటే మేలు అని. "2015లో బ్రిస్టల్ వాళ్ళు, వూల్ఫ్‌సన్ గ్రూపు, ఇదే వరసలతో చేసినారు, అది చదువు ముందు" అని పెట్టేసింది. చదివా. వాళ్ళు తేల్చింది ఏంటంటే మొత్తం హెలిక్స్ పొడుగునా పనిచేసే ఆ పెద్ద డైపోల్ కంటే, కొసల్లో వెన్నుకీ సైడ్ చైన్‌కీ మధ్య జరిగేది, పక్కపక్క సైడ్ చైన్ల మధ్య జరిగేది, ఈ రెండూ చాలా ఎక్కువ పని చేస్తాయని. నాకైతే ఇది నచ్చింది. డైపోల్ అని ఒక్క మాట అంటే ఏదో అర్థమైనట్టు ఉంటుంది గానీ, డిజైన్ చేసేవాడికి దాంతో ఏం చేయాలో తెలీదు. మొదటి చుట్టులో వెన్ను మీద జత దొరకని ఎన్-హెచ్‌లు నాలుగు ఉంటాయి, అక్కడ గ్లూ పెట్టు, చివరి చుట్టులో జత దొరకని ఆక్సిజన్లు ఉంటాయి, అక్కడ లైస్ పెట్టు, మధ్యలో నాలుగు దూరంలో గ్లూ కింద, లైస్ పైన వచ్చేట్టు చూడు అంటే చేతికి పని దొరుకుతుంది. నాలుగు-నాలుగులో ఈ మూడూ వాటంతటవే కుదురుతాయి, తిరగలిలో మూడూ అడ్డం తిరుగుతాయి.

అగాడిర్ అనే పాత ప్రోగ్రామ్ ఒకటుంది, మునోజ్, సెరానో 1994లో తెచ్చినది, సీక్వెన్స్, టెంపరేచర్, పీహెచ్, ఉప్పు ఇస్తే ఎంత శాతం హెలిక్స్ అవుతుందో అంచనా ఇస్తుంది. మూడింటినీ వేశా, వరస నేను అనుకున్నట్టే వచ్చింది. అదే మూడింటినీ కొత్త ఏఐ స్ట్రక్చర్ ప్రిడిక్షన్‌లో వేస్తే మూడూ పొడుగాటి నీటైన హెలిక్సులు, మూడింటికీ కాన్ఫిడెన్స్ గట్టిగా. ఆ టూల్స్ పెద్ద ప్రోటీన్‌కి అద్భుతమే, 2024 కెమిస్ట్రీ నోబెల్ ఊరికే రాలేదు, కానీ ఒకే సరుకుని ఇట్లా కలిపితే నిలబడుతుందా, అట్లా కలిపితే పడిపోతుందా అని తేల్చడం వాటికి ఇచ్చిన పని కాదు.

ఏప్రిల్, ఎండ, సిమ్యులేషన్

మా తమ్ముడి గేమింగ్ పీసీ మీద గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రామ్ పెట్టా. మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఇంత కార్డు లాగదు కాబట్టి రాత్రి పది తర్వాతే రన్, చెక్‌పాయింట్ ఫైలు ఉంటుంది కాబట్టి పోయినా మళ్ళీ అక్కణ్ణించే మొదలవుతుంది. తమ్ముడి బాధ వేరే, "అన్నా, నీ ప్రోటీన్ ఆడుతాంది, నేను ఆడేదెప్పుడు?"

సిమ్యులేషన్ అంటే పెప్టైడ్‌ని నీటి డబ్బాలో పెట్టి, ప్రతి పరమాణువు మీదా పడే బలం లెక్కేసి, రెండు ఫెమ్టోసెకన్లకోసారి కొంచెం కొంచెం జరపడం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నాలుగు-నాలుగులో గ్లూ ఆక్సిజన్‌కీ లైస్ నైట్రోజన్‌కీ మధ్య దూరం గ్రాఫు వేస్తే 3 ఆంగ్‌స్ట్రాముల దగ్గర దిగి కూర్చుంటుంది, కాసేపటికి లేచిపోతుంది, అదే లైస్ పక్కనున్న ఇంకో గ్లూని పట్టుకుంటుంది, అంటే ఇది జతజతగా తాళం వేసినట్టు ఉండే వ్యవహారం కాదు, చేతులు మారుతా ఉంటాయి. 4 ఆంగ్‌స్ట్రాముల లోపల ఉంటే ఆ ప్లస్-మైనస్ పట్టు సాల్ట్ బ్రిడ్జ్ అని బార్లో, థార్న్‌టన్ 1983లో పెట్టిన గీత, అదే వాడా. వెన్ను కోణాలు రామచంద్రన్ మ్యాపు మీద, అంటే వెన్ను ఏ కోణాల్లో తిరగగలదో చూపించే పటం మీద వేస్తే మధ్య భాగమంతా మైనస్ 60, మైనస్ 45 దగ్గర ఒకే గుంపుగా ఉంది, కొసల్లో చెల్లాచెదురు. మద్రాసు యూనివర్సిటీలో 1963లో గీసిన మ్యాపు ఇప్పుడు మా మిద్దె మీద గదిలో తెల్లారుజామున మూడింటికి తెరమీద ఉంటే ఒక రకంగా గర్వంగానే అనిపించింది.

కానీ దీన్ని నమ్మి తీర్పు చెప్పను, దానికి రెండు కారణాలు. ఒకటి, హెలిక్స్‌తో మొదలుపెడితే రెండు-రెండు కూడా కొసలు ఊడినా నడుం చాలాసేపు హెలిక్స్‌గానే కూర్చుంది, విప్పిన షేపుతో మొదలుపెడితే నాలుగు-నాలుగు కూడా నా పీసీ ఇచ్చే టైములో పూర్తి హెలిక్స్ కాలేదు, అంటే మొదలుపెట్టిన చోటే జవాబు అయిపోతోంది. రెండోది ఇంకా లోతైనది, సిమ్యులేషన్లో చార్జి అంటే పరమాణువు మీద రాసిపెట్టిన ఒక ఫిక్స్‌డ్ నంబరు, నిజంలో చుట్టుపక్కల బట్టి ఎలక్ట్రాన్లు సర్దుకుంటాయి. అట్లా ఫిక్స్ చేసిన చాలా ఫోర్స్ ఫీల్డుల్లో, అంటే బలాలు లెక్కేసే సూత్రాల సెట్లలో, సాల్ట్ బ్రిడ్జులు ప్రయోగంలో కనిపించే దానికంటే గట్టిగా అతుక్కుంటాయని వాటిని పరీక్షించినవాళ్ళే రాశారు. నా ప్రాజెక్టు మొత్తం సాల్ట్ బ్రిడ్జుల మీదే ఉన్నప్పుడు, సాల్ట్ బ్రిడ్జుల మీదే పక్షపాతం ఉన్న జడ్జి దగ్గరికి పోతే ఎట్లా? సిమ్యులేషన్‌ని చేతులు ఎట్లా మారుతున్నాయో చూడ్డానికి వాడుకుంటా, ఎవరు గెలిచారో చెప్పడానికి కాదు.

మే

పెప్టైడ్లు ఆర్డరు పెట్టా, వచ్చాయి, తెల్లటి పొడి, ఒక్కో బుడ్డిలో కంటికి ఆనీ ఆననంత. కంపెనీతో పెప్టైడ్ చేయించుకునేవాళ్ళకి ఒక మాట: బుడ్డి మీద రాసిన బరువు పెప్టైడ్ బరువు కాదు. తయారీలో వాడే ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం, టీఎఫ్ఏ, ప్లస్ చార్జి ఉన్న ప్రతి లైస్‌ని పట్టుకుని ఉంటుంది. నా పెప్టైడ్ బరువు సుమారు 3370 డాల్టన్లు, టీఎఫ్ఏ ఒక్కోటి 114, 12 లైసులూ ఒక్కోదాన్ని పట్టుకున్నాయనుకుంటే పొడిలో నాలుగో వంతు పైనే అది. తేమ వేరే. త్రాసు నమ్ముకుంటే గాఢత అంత తప్పుతుంది, గాఢత తప్పితే హెలిక్స్ శాతం కూడా అంతే తప్పుతుంది. టైరోసిన్ పెట్టింది ఇందుకే, 280 దగ్గర ఎంత పీల్చిందో చూసి 1490తో భాగిస్తే నిజమైన గాఢత వస్తుంది.

కరిగించడం మాత్రం హాయి. ఇన్ని చార్జీలున్నది కాబట్టి నీళ్ళు తగలగానే మాయం.

జూన్, బెంగళూరు

అక్క వాళ్ళ ల్యాబ్‌లో సీడీ మిషన్ మీద స్లాటు దొరికింది, పొద్దున్నే ఉగ్గాని కట్టించుకుని బస్సెక్కా, ఐస్ డబ్బాలో మూడు ట్యూబులు. సీడీ అంటే సర్క్యులర్ డైక్రాయిజం, ఎడమకి తిరిగే వెలుగునీ కుడికి తిరిగే వెలుగునీ పెప్టైడ్ ఎంత తేడాగా పీల్చుకుంటుందో చూడడం. హెలిక్స్ అయితే 208, 222 నానోమీటర్ల దగ్గర రెండు గుంటలు వస్తాయి, షేపు లేకపోతే 200 చుట్టుపక్కల ఒకే గుంట. బఫర్‌లో మామూలు ఉప్పు వేయకూడదు, క్లోరైడ్ 200 కిందకి పోయేసరికి తానే వెలుగు మింగేస్తుంది, అందుకే ఫాస్ఫేట్ బఫర్, ఉప్పు కావాలంటే పొటాషియం ఫ్లోరైడ్.

నాలుగు-నాలుగు పెట్టాం, 5 డిగ్రీల దగ్గర. గీత కిందికి దిగి 208 దగ్గర ఒక గుంట, కొంచెం లేచి 222 దగ్గర ఇంకోటి. లెక్కేస్తే సగం కంటే ఎక్కువ హెలిక్స్. అక్క ఏమీ అనకుండా పది రెట్లు పలచన చేయమంది, ఎందుకంటే రెండు మూడు పెప్టైడ్లు కలిసి కట్టగా ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటుంటే పలచన చేసినప్పుడు హెలిక్స్ తగ్గాలి. పెద్ద క్యువెట్‌లో, అంటే శాంపిల్ పోసే పారదర్శక గిన్నెలో పోసి చూస్తే ఒక్కో అమైనో ఆమ్లానికి వచ్చే సిగ్నల్ మారలేదు. అంటే ఒంటరిదే.

తిరగలి చూస్తే గీత మొత్తం నీరసం, 222 దగ్గర ఒక చిన్న భుజం ఉంది అంతే, పెద్ద గుంట 200 వైపుకి జరిగిపోయింది. రెండు-రెండులో అది కూడా లేదు, ఒకే గుంట. మూడింటినీ ఒకే గ్రాఫు మీద వేస్తే, అదే 12 గ్లూ, అదే 12 లైస్, మూడు వేర్వేరు పదార్థాలని చెప్పినా నమ్ముతారు. నాకు తిరగలే ఆశ్చర్యం. రెండు-రెండు పడిపోతుందని ఎవరైనా చెప్తారు, చార్జీలు తన్నుకుంటున్నాయి కాబట్టి. తిరగలిలో 20 జతలూ ఆకర్షించుకునేవే, అయినా నిలబడలేదు. ప్లస్ పక్కన మైనస్ పెట్టేస్తే చాలు అనే లెక్కకి ఇంతకంటే మంచి ఖండన నాకు కనబడలేదు.

ఉప్పు పరీక్ష. ఉప్పు ఎక్కువైతే చార్జీలు ఒకదానికొకటి కనిపించడం తగ్గుతుంది, ఆ కనిపించే దూరం 10 మిల్లీమోలార్ ఉప్పులో 30 ఆంగ్‌స్ట్రాములు, శరీరంలో ఉండే 150 మిల్లీమోలార్‌లో 8, ఒక మోలార్‌లో 3. ఒక మోలార్ ఫ్లోరైడ్‌లో నాలుగు-నాలుగు హెలిక్స్ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. దూరాన ఉన్న చార్జీల ప్రభావం ఉప్పు తుడిచేస్తుంది, 3 ఆంగ్‌స్ట్రాముల్లో ఆనుకున్న జతల మధ్య ఉప్పు అయాన్ దూరడానికి చోటే లేదు, నేను అట్లా అర్థం చేసుకున్నా. బ్రిస్టల్ వాళ్ళ మాటకి కూడా ఇది దగ్గరగానే ఉంది.

పీహెచ్ 2 కూడా చేద్దామా అంటే అక్క వద్దంది. "గ్లూ చార్జి పోతాది, బ్రిడ్జ్ పోతాది, హెలిక్స్ పోవాల కదా అనుకుంటావ్, కానీ చార్జి పోయిన గ్లూకి హెలిక్స్ అంటే ఇంకా ఇష్టం రా అబ్బీ, పాలీగ్లూటమిక్ ఆమ్లం ఆమ్లంలో ఉత్తగానే హెలిక్స్ అయితాది." నిజమే, పాలీలైసిన్ కూడా అంతే, పీహెచ్ పెంచి చార్జి తీసేస్తే హెలిక్స్ అవుతుంది. ఒక తాడు కోస్తే ఇంకో తాడు బిగుసుకునే పరీక్ష, దాంతో ఏదీ తేలదు. మార్కూసీ, బాల్డ్విన్ పెప్టైడ్లు కూడా రెండు పీహెచ్ కొసల్లోనూ హెలిక్స్ వదల్లేదు, ఆ దారిలోనే పోయి వాళ్ళు 1989లో అలనిన్ ఒక్కటే హెలిక్స్‌ని ఎంత బాగా నిలబెడుతుందో చూపించారు.

వేడి. 5 నుంచి 80 డిగ్రీల దాకా పెంచుతా 222 దగ్గర సిగ్నల్ చూశాం. మామూలు ప్రోటీన్ అయితే ఒక టెంపరేచర్ దగ్గర ఠపీమని పడుతుంది, ఇది అట్లా కాదు, మొదట్నించీ చివరిదాకా ఏటవాలుగా దిగుతానే పోయింది, చల్లార్చితే అదే దారిలో తిరిగొచ్చింది. లోపల కోర్ లేదు కాబట్టి ఒక్కసారిగా కూలడానికి ఏమీ లేదు. ఒంటి హెలిక్సుల లక్షణమే ఇది.

జూలై

వచ్చాక కోచింగ్‌లో ఈ గ్రాఫు చూపిస్తే ఒక పాప అడిగింది, "సార్, మరైతే ఏ ప్రోటీన్ అయినా స్ట్రాంగ్ చేయాలంటే సాల్ట్ బ్రిడ్జులు ఎక్కువ పెడితే సరిపోతుందా?" మంచి ప్రశ్న, జవాబు కాదనే. నీళ్ళలో ఉన్నప్పుడు ప్రతి చార్జీ చుట్టూ నీటి అణువులు చక్కగా చేరి ఉంటాయి, దాన్ని ప్రోటీన్ లోపలికి లాగాలంటే ఆ నీళ్ళని వదిలించాలి, ఆ ఖర్చు చాలా పెద్దది. లోపల జత దొరికి వచ్చే లాభం చాలాసార్లు ఆ ఖర్చుకి చాలదు. హెండ్ష్, టిడార్ 1994లో లెక్కేసి చూస్తే వాళ్ళు తీసుకున్న సాల్ట్ బ్రిడ్జుల్లో ఎక్కువ భాగం, వాటి చోట నీళ్ళంటే పడని జత ఉంటే వచ్చే దానికంటే నష్టమే తెచ్చాయి. సావర్ గ్రూపు 1995లో ఆర్క్ రిప్రెసర్ అనే ప్రోటీన్‌లో లోపలి సాల్ట్ బ్రిడ్జుల ముడి తీసేసి నూనె స్వభావం ఉన్నవి పెడితే అది ఇంకా గట్టిపడింది. అట్లని సాల్ట్ బ్రిడ్జులు పనికిరావని కూడా కాదు, టీ4 లైసోజైమ్ అనే ఎంజైమ్‌లో 31వ హిస్టిడిన్‌కీ 70వ ఆస్పార్టేట్‌కీ మధ్య ఒక్క జత మోల్‌కి 3 నుంచి 5 కిలోకేలరీల స్థిరత్వం ఇస్తుంది, కానీ బయటి ఉపరితలం మీద ఉన్న మామూలు జత ఇచ్చేది చాలాసార్లు అర కిలోకేలరీ లోపే. నా హెలిక్స్‌లో జతలన్నీ బయటే, నీళ్ళలోనే, కాబట్టి లోపలికి లాగే ఖర్చు లేదు, లాభం కూడా చిన్నదే, 20 చోట్ల చిన్నచిన్నగా పోగవ్వాలి.

వేడిలో బతికే సూక్ష్మజీవుల సంగతి వేరే. పైరోకాకస్ ఫ్యూరియోసస్ 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, దాని గ్లూటమేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్‌లో 18 అమైనో ఆమ్లాలు కలిసిన అయాన్ జతల వల ఒకటి 1995లో బయటపడింది. వేడిలో నీళ్ళ డైఎలక్ట్రిక్ విలువ 25 డిగ్రీల దగ్గర 78 నుంచి 100 డిగ్రీల దగ్గర 55కి పడిపోతుంది, అంటే నీళ్ళకి చార్జీని పట్టుకునే శక్తి తగ్గుతుంది, నీళ్ళని వదిలించే ఖర్చు కూడా తగ్గుతుంది. మన గది టెంపరేచర్లో నష్టమైన జత అక్కడ లాభం కావచ్చు. పెరుట్జ్ అనే శాస్త్రవేత్త 1975లోనే ఈ దారి చూపించాడు.

ఇప్పుడు రెండో రౌండు. మయోసిన్లలో ఉత్త లైస్ ఉండదు, ఆర్జ్ కూడా కలిసి ఉంటుంది, దాని కొసలో నైట్రోజన్లు విచ్చుకుని ఉంటాయి కాబట్టి ఒకేసారి రెండు గ్లూలని పట్టుకోగలదు. నాలుగు-నాలుగులో ప్రతి గుంపులో రెండో, నాలుగో లైస్ తీసి ఆర్జ్ పెట్టిన వరస ఒకటి, మొదటి, మూడో చోట పెట్టినది ఇంకోటి. రెండింట్లోనూ ఆరు ఆర్జ్, ఆరు లైస్, మళ్ళీ సరుకు ఒకటే, చోటు వేరే. పైపు మీద మూతలు మార్చి చూస్తే ఆర్జ్ ఐ+3, ఐ+4 రెండు దిక్కులా అందుకునే చోటు గుంపులో అన్నిచోట్లా ఒకటే రకంగా లేదు, మొదటి చోట ఉన్నదానికి కింద మూడు దూరంలో గ్లూ, నాలుగు దూరంలోనూ గ్లూ ఉన్నాయి, నాలుగో చోట ఉన్నదానికి నాలుగు దూరంలో గ్లూ ఉంది గానీ మూడు దూరంలో లైసే. కాబట్టి మొదటి, మూడో చోట్ల పెట్టినదే గెలుస్తుందని నా పందెం. అక్క పందెం రెండో, నాలుగో చోట్ల పెట్టినదాని మీద, కారణం చెప్పమంటే "సీడీ చెప్తాదిలే" అంటాంది.

కొటేషన్ వచ్చింది, టీఎఫ్ఏ తీసేసి క్లోరైడ్ రూపంలో ఇమ్మని అడిగా, ఆ కొంచెం క్లోరైడ్‌తో సీడీకి పెద్ద ఇబ్బంది లేదు. స్లాటు దసరా సెలవుల్లో.